ఫార్వర్డ్ నిజమా కాదా: కడప నుంచి చూస్తే ఏ ఉచిత సాధనం ఎంత పనికొస్తుంది

"వర్షపాతంలో జైసల్మేర్ తర్వాత దేశంలో అట్టడుగున ఉన్నది అనంతపురం జిల్లాయే." సీమలో ఈ మాట వినని మనిషి ఉండడు. ప్రసంగాల్లో వస్తుంది, వ్యాసాల్లో వస్తుంది, ఇప్పుడు బీటలువారిన చేను ఫొటోతో కలిసి ఫోనుకూ వస్తుంది. చదవగానే తల ఊపుతాం, కరువు మనకు చేతికందేంత దగ్గరిది కాబట్టి. నమ్మబుద్ధి కాని మాటను ఎవరైనా అనుమానిస్తారు. ఒక సాధనం సత్తా తేలేది మనం ఇష్టపడి నమ్మే మాట మీద పెట్టి చూసినప్పుడే.

అందుకే ఈ సమీక్షకు అలాంటివే నాలుగు ఎంచుకున్నాం. ఒకటి, ఈ వాన మాట. రెండు, వేమన మకుటంతో తిరిగే పద్యాలు. మూడు, మెకాలే పేరు మీద ఏళ్ల తరబడి చక్కర్లు కొడుతున్న ఒక ప్రసంగం. నాలుగు, కర్నూలు రాజధాని గురించి పాత పేపరు ముక్క. వీటి మీద గూగుల్, గూగుల్ లెన్స్, ఇంటర్నెట్ ఆర్కైవ్, ఆంధ్రభారతి నిఘంటు శోధన, కడపలోని సి.పి. బ్రౌన్ కేంద్రం, జిల్లా గ్రంథాలయాల్లోని పేపర్ల గది ఎలా పనిచేస్తాయో చూద్దాం. అన్నీ ఉచితమేనని చెప్పాలి గానీ, చివరిదానికి మనం ముందే డబ్బు కట్టి ఉన్నాం. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నే. రసీదు తీసి చూసుకోండి.

గూగుల్: దొరుకుతుంది, తేలదు

వాన మాటను ఉన్నదున్నట్టు గూగుల్లో కొడితే అదే వాక్యం పది చోట్ల కనబడుతుంది. బోల్తాపడేది ఇక్కడే. పదిమంది సాక్షులున్నారు కదా అనిపిస్తుంది, కానీ ఒకరు అన్నదాన్ని తొమ్మిదిమంది దించుకుని ఉండొచ్చు. ఆ పేజీల్లో ఎన్ని మిల్లీమీటర్లు, ఏ ఏళ్ల సగటు, ఎన్ని జిల్లాలతో పోల్చారు అన్నవి లేకపోతే పదీ కలిపినా ఒక్క సాక్ష్యం కూడా కాదు.

కాబట్టి వాక్యాన్ని కాదు, అంకెను వెతకాలి. దానికి ముందు వాక్యాన్ని విడగొట్టాలి. కొలత ఏమిటి: ఏడాది మొత్తం సగటా, నైరుతి ఒక్కటేనా? హద్దు ఏమిటి: పాత ఉమ్మడి జిల్లానా, 2022 ఏప్రిల్ 4న శ్రీసత్యసాయి జిల్లా విడిపోయాక మిగిలిన అనంతపురమా? పోలిక ఎవరితో: రాష్ట్రంలోనా, దక్షిణాదిలోనా, దేశం మొత్తంలోనా? ఈ మూడూ కాగితం మీద రాసుకున్నాక వెతకండి. వెతికే మాటల పక్కన ఇంగ్లీషులో సైట్ అని కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా జీఓవీ డాట్ ఇన్ చేరిస్తే ప్రభుత్వ పేజీలు మాత్రమే వస్తాయి. అలాగే ఫైల్‌టైప్, కోలన్, పీడీఎఫ్ అని కొడితే నివేదికలు పైకి తేలతాయి. కోలన్ తర్వాత ఖాళీ పడితే ఈ కిటుకు పనిచేయదు. ఎక్కువమంది తప్పు చేసేది ఆ ఒక్క ఖాళీతోనే.

ఇప్పుడు అంకెలు. ఉమ్మడి అనంతపురం ఏడాది సగటు దాదాపు 550 మి.మీ. జైసల్మేర్‌ది 200 లోపు. మరి ఈ రెంటి నడుమ ఎవరూ లేరా? బార్మేర్, బికనేర్ మూడువందల దరిదాపుల్లో ఉన్నాయి. జోధ్‌పూర్‌దీ అనంతపురం కన్నా బాగా తక్కువే. అటు లద్దాఖ్‌లోని లేహ్‌కు వెళ్తే, ఏడాదంతా కలిపినా వంద మి.మీ. చుట్టుపక్కలే. రెండో స్థానం ఇక్కడే ఎగిరిపోయింది. ఇందుకు పెద్ద పరిశోధన అక్కర్లేదు, బడి అట్లాసులోని వర్షపాత పటంలో రాజస్థాన్ పడమటి రంగునూ మన రంగునూ పక్కపక్కన చూసినా అనుమానం రావాలి.

అయితే అనంతపురం కరువు అబద్ధమా? ఆ మాట అన్నవాడు ఇంకో తప్పు చేసినట్టు. పడమటి కనుమల వానచాటున పడి నైరుతి ఇక్కడికి చిక్కిపోయి వస్తుంది, తూర్పు తీరానికి దూరం కావడంతో ఈశాన్యమూ పూర్తిగా అందదు. ఎర్రనేలలు, లోతు తక్కువ, తేమ నిలవదు. వేరుశెనగ ఊడలు దిగే వేళ మూడు వారాలు వాన మొహం చాటేస్తే ఆ ఏడు లెక్కలో 550 పడినా చేతికి వచ్చేది కట్టెమేతే. ఏడాది సగటు అనే అంకెలో ఈ ఎడం కనబడదు. అంటే అసలు బాధ వేరే అంకెలో ఉంది, మనం ఏళ్ల తరబడి తప్పు అంకెను ఊరేగిస్తున్నాం.

ఇంకో చిక్కు కూడా ఉంది. 2022లో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాక "అనంతపురం జిల్లా" అన్న పేరు ఒకటే, హద్దులు వేరు. 2021 నివేదిక అంకెనూ 2023 నివేదిక అంకెనూ పక్కపక్కన పెట్టి "వాన తగ్గింది", "సాగు సగమైంది" అనే పోస్టులు వస్తాయి. సగమైంది జిల్లా. కర్నూలుకూ నంద్యాలకూ, కడపకూ అన్నమయ్యకూ ఇదే లెక్క. జిల్లా అంకె ఏది కనబడినా ముందు ఏడాది చూడండి.

గూగుల్‌కు మా మార్కులు పదికి ఆరు. కాగితం ఉన్న చోటికి తీసుకెళ్తుంది. కానీ జవాబును పైనే పెట్టె కట్టి చూపించేసరికి కింద ఉన్న కాగితాన్ని తెరిచేవాళ్లు తగ్గిపోయారు.

లెన్స్: రెండు నిమిషాల పని

ఫొటో మీద వేలు నొక్కిపట్టి లెన్స్‌కు పంపితే అదే బొమ్మ ఇంతకుముందు ఎక్కడెక్కడ పడిందో చూపిస్తుంది. మొత్తం బొమ్మను పంపకుండా అంచుల మీద రాసిన అక్షరాలు తీసేసి, మధ్యలోని వంతెననో గుడి గోపురాన్నో మాత్రం కత్తిరించి పంపండి. ఫలితం మారుతుంది. పాత ఫొటో దొరికితే కథ ముగిసినట్టే. దొరకకపోతే మాత్రం ఫొటో కొత్తదని తేలినట్టు కాదు, గూగుల్ కంటపడలేదని మాత్రమే.

వాట్సాప్‌లో వచ్చిన బొమ్మలో తీసిన తేదీ, కెమెరా వివరాలు మిగలవు. వాటికోసం వెతికి లాభం లేదు. బొమ్మలోనే చూడాలి. 2009 అక్టోబరులో కర్నూలును ముంచిన తుంగభద్ర వరద అంటూ ఒక ఫొటో వచ్చిందనుకోండి. నీళ్లలో నిలిచిన బండి నంబరు చూడండి. ఏపీ 21 అయితే కర్నూలు, ఏపీ 02 అనంతపురం, ఏపీ 04 కడప. ఏపీ 39 కనబడితే మాత్రం అది 2009 కాదు, ఎందుకంటే రాష్ట్రమంతటికీ ఒకటే వరుసగా ఆ నంబరు వచ్చింది 2019లో. మెసేజీ పైన రెండు బాణాల గుర్తు ఉంటే అది కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని అర్థం. పంపినవాడు మీ చిన్నాయనే అయినా, ఫొటో తీసింది ఆయన కాదు.

ఇంటర్నెట్ ఆర్కైవ్: బంగారు గని, బోర్డులు లేవు

ఈ జాబితాలో సమయం పెట్టాల్సింది దీని మీదే. 1996లో మొదలైన ఈ ఆర్కైవ్‌లో రెండు వేర్వేరు సేవలున్నాయి. చాలామందికి వాటిలో ఒకటే తెలుసు.

ఒకటి వేబ్యాక్ మెషీన్. చెరిపేసిన, మార్చేసిన వెబ్ పేజీల పాత నకళ్లు దీంట్లో ఉంటాయి. పేజీ చిరునామా అతికిస్తే క్యాలెండరు వస్తుంది, గుండ్రని గుర్తులున్న తేదీల మీద నొక్కితే ఆనాటి పేజీ తెరుచుకుంటుంది. ఎవరైనా "మేము అలా రాయలేదు" అంటే తేల్చేది ఇదే. మీకు ముఖ్యమైన పేజీ ఇప్పుడే కనబడితే అక్కడే ఉన్న "సేవ్ పేజ్ నౌ" పెట్టెలో చిరునామా వేసి నకలు తీయించండి. స్క్రీన్‌షాట్‌ను ఎవరైనా తయారు చేయగలరు, ఈ నకలు మీద తేదీ గంటతో సహా ఉంటుంది. లాగిన్ అయితే తప్ప కనబడని పేజీలను, వాట్సాప్‌లో తిరిగేవాటిని మాత్రం ఇది పట్టలేదు.

రెండోది పుస్తకాలు. భారత డిజిటల్ లైబ్రరీ పథకం కింద స్కాన్ అయిన వేలాది తెలుగు పుస్తకాల నకళ్లు ఇక్కడున్నాయి. ఆ పుస్తకాల గుర్తింపు పేరులో డీఎల్ఐ అనే మూడక్షరాలు కనబడతాయి. తెలుగులో పేరు కొడితే ఎక్కువ దొరకవు, ఎందుకంటే నమోదు చేసినవాళ్లు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో తమ పద్ధతిలో రాశారు. దీర్ఘానికి అచ్చును రెండుసార్లు వేశారు. శ్రీ చివర రెండు ఐలు పడతాయి, ఆంధ్ర మొదట రెండు ఏలు. ఏత్వం దీర్ఘమైతే ఈ, ఐ రెండూ కలిపి రాయడం కూడా ఉంది. కాబట్టి ఒకే పేరును మూడు నాలుగు రకాల స్పెల్లింగులతో వెతకండి. పూర్తి పేరు వద్దు, మధ్యలో తప్పు పడే అవకాశం తక్కువున్న ఒక్క మాట చాలు. రచయిత పేరు గడిలో ప్రచురణకర్త, సంవత్సరం గడిలో తప్పు సంవత్సరం ఉండటం మామూలే. అందుకే సంవత్సరాన్ని జాబితా చూసి ఎక్కడా రాయకండి. ముఖపత్రం తెరిచి, దాని వెనక పేజీలో ఏ ముద్రణో చూసి రాయండి. మొదటి ముద్రణ 1920లో అయి, స్కాన్ అయింది 1955 నాటి ఐదో ముద్రణ అయితే, ఆ రెంటి నడుమ చేరిన పేజీలు ఎవరివో తెలుసుకోవాలి కదా.

వెతికే పెట్టె కింద పేర్లలో వెతకాలా, పుస్తకాల లోపలి పాఠంలో వెతకాలా అని ఎంపిక ఉంటుంది. ఇంగ్లీషు పుస్తకాలకు రెండోది అద్భుతం. తెలుగుకు నమ్మలేం. పాత అప్‌లోడ్లలో తెలుగుకు అక్షర గుర్తింపే జరగలేదు. జరిగినవాటిలోనూ ఒత్తులు జారిపోతాయి, అరసున్నలు చుక్కలవుతాయి, బండి ఱను ఇంకేదో అనుకుంటుంది. కాబట్టి "లోపల వెతికాను, లేదు" అంటే తెలుగు పుస్తకం విషయంలో ఏమీ చెప్పనట్టే. విషయసూచిక తెరిచి, లేదంటే చివరి అకారాది చూసి, పేజీ పేజీగా చదవాల్సిందే.

ఇంగ్లీషు విషయంలో దీని బలం మెకాలే ఫార్వర్డ్ దగ్గర తెలిసింది. "దేశం నలుమూలలా తిరిగాను, ఒక్క బిచ్చగాడు, ఒక్క దొంగ కనబడలేదు" అంటూ మొదలై, వీళ్ల విద్యను కూలిస్తే తప్ప వీళ్లను లొంగదీయలేం అని ముగిసే ప్రసంగమది. 1835 ఫిబ్రవరి 2న బ్రిటిష్ పార్లమెంటులో చేశాడని తేదీతో సహా ఉంటుంది. తేదీ ఉంటే మనకు భక్తి పెరుగుతుంది. ఇక్కడ ఆ తేదీయే దాన్ని పట్టిస్తుంది. ఆ రోజు తేదీతో మెకాలే విద్య మీద రాసిన మినిట్, అంటే అధికారిక అభిప్రాయ పత్రం, ఒకటి నిజంగానే ఉంది. అది రాసేనాటికి అతడు ఉన్నది కలకత్తాలో, గవర్నర్ జనరల్ మండలిలో న్యాయ సభ్యుడిగా. 1834లోనే ఇండియాకు వచ్చినవాడు ఆ రోజు లండన్ పార్లమెంటులో ఎలా మాట్లాడాడు? మినిట్ మొత్తం చదవడానికి అరగంట పట్టదు. ఫార్వర్డ్‌లోని వాక్యాలు అందులో లేవు. ఉన్నది అంతకన్నా ఘాటు: ఒక మంచి యూరోపియన్ గ్రంథాలయంలోని ఒక్క అర, భారత, అరబ్బు సాహిత్యమంతటి పాటి చేస్తుందన్న మాట. అసలు కాగితంలోనే అంత ఉండగా దొంగ మాటలు దేనికో అర్థంకాదు. మినిట్ చదవనివాళ్లకే అవి కావాలి.

ఈ మధ్య చాలామంది ఇలాంటివి ఏఐ చాట్‌బాట్‌ను అడుగుతున్నారు. సారాంశం చెప్పమంటే బాగానే చెబుతుంది. ఆధారం అడిగితే మాత్రం లేని పుస్తకానికి ఉన్న రచయితను అంటగట్టే గుణం ఉంది. వాడుకుంటే ఒక్క నియమం పెట్టుకోండి. పుస్తకం పేరు, ముద్రణ సంవత్సరం, పేజీ నంబరు అడగండి. ఆ పేజీని ఆర్కైవ్‌లో తెరిచి మీ కళ్లతో చదివేదాకా ఆ జవాబును ఎవరికీ పంపకండి.

డేటా గురించి ఒక మాట. పాత స్కాన్లు బరువు, వంద ఎంబీ దాటినవీ ఉంటాయి. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకేజీ మీద ఉన్నవాళ్లు ముందు ఆన్‌లైన్ రీడర్లో నాలుగు పేజీలు తిప్పి, పేజీలు వంకరగా పడలేదని, మధ్యలో మాయం కాలేదని చూసుకుని అప్పుడు దించుకోండి. కావలసిందైతే దించుకోవడమే మంచిది. 2024 అక్టోబరులో సైబర్ దాడి జరిగి ఈ సైటు కొన్ని రోజులు మూతపడింది. కొన్ని పుస్తకాలు గంటసేపు అరువుకు మాత్రమే తెరుచుకుంటాయి, అవి కాపీరైటు ఉన్నవి. మన దేశంలో రచయిత చనిపోయాక 60 ఏళ్ల వరకు ఆ హక్కు ఉంటుంది.

పదికి ఎనిమిది. రెండు మార్కులు తగ్గింది స్పెల్లింగులకే.

నిఘంటువు, గణాలు: వేమన పద్యానికి వడపోత

విశ్వదాభిరామ అని చివర తగిలిస్తే చాలు, ఏ మాటైనా వేమనది అయిపోతుంది. కడప విశ్వవిద్యాలయానికే యోగి వేమన పేరు ఉన్న చోట ఈ వడపోత తెలిసి ఉండటం మర్యాద. ఇందుకు మూడు జల్లెడలు పెట్టాలి.

మొదటిది గణాలు, అంటే లఘువులు (పొట్టి అక్షరాలు), గురువులు (సాగే అక్షరాలు) వచ్చే వరుసలు. దీనికి ఏ సాధనమూ అక్కర్లేదు. వేమనవి ఎక్కువగా ఆటవెలదులు. ఒకటో మూడో పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండో నాలుగో పాదాల్లో ఐదూ సూర్యగణాలే. సూర్యగణాలు రెండే: న, అంటే మూడు లఘువులు. హ, అంటే గురువు, లఘువు. ఇంద్రగణాలు ఆరు: నగ, సల, నల, భ, ర, త. నాలుగో గణం మొదటి అక్షరానికి పాదం మొదటి అక్షరంతో యతి (అక్షరాల పొత్తు) కానీ, బదులుగా రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి కానీ కుదరాలి. అందరికీ నోటికొచ్చిన పాదాన్ని తీసుకుని చూడండి.

ఉప్పు, కప్పు, రంబు, నొక్కపో, లికనుండు.

మొదటి మూడూ హగణాలు. నొక్కపో రగణం, లికనుండు సలం. ఉ అచ్చుకు నొక్కలోని ఒ అచ్చు యతి. రెండో పాదంలో చూడ, చూడ, రుచుల, జాడ, వేరు. అక్కడ చూడకూ జాడకూ ప్రాసయతి. ఎంత బిగువుగా కూర్చుందో చూశారా, వేలు దూర్చడానికి సందు లేదు.

ఇప్పుడు ఫోన్లో వచ్చే బాపతు పాదం ఒకటి అనుకుందాం: "డబ్బు ఉన్నవాడికే లోకం దాసోహం". డబ్బు, ఉన్న, వాడి దాకా నడిచింది. తర్వాత కేలోకం అని మూడు గురువులు వరుసగా వచ్చి కూర్చున్నాయి. ఆ రూపంలో ఇంద్రగణమే లేదు. పైగా డబ్బు, ఉన్న కలిస్తే పద్యంలో డబ్బున్న కావాలి. అలా విడిగా నిలబడటం మన కాలపు వచనం అలవాటు.

గణం తప్పింది కాబట్టి వేమనది కాదని తీర్పు చెప్పేయకండి. లేఖకుడి పొరపాటు కావచ్చు, నోళ్లలో నలిగి మారి ఉండొచ్చు. గణం కుదిరింది కాబట్టి వేమనదేనని కూడా అనకండి. ఆటవెలది రాయడం వచ్చినవాళ్లు ఈ జిల్లాలో ఇప్పటికీ ఎందరో ఉన్నారు.

రెండో జల్లెడ మాటలు. ఆంధ్రభారతి నిఘంటు శోధనలో ఒక మాట కొడితే బ్రౌన్, శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు లాంటివాటి అర్థాలు ఒకచోటే వస్తాయి. మాట దొరకడంలేదని ఫిర్యాదు చేసేవాళ్లలో ఎక్కువమంది దాన్ని వాడుకరూపంలో కొడుతున్నారు. కప్పురం కాదు, కప్పురము. చేయడం కాదు, చేయు. చదివాడు కాదు, చదువు. సంగటి అని కొట్టి దొరక్కపోతే సంకటి అని కొట్టండి. సరళాలూ పరుషాలూ (గ, క లాంటివి) మారిన రూపాలు మన సీమ మాటల్లో ఎక్కువ. బ్రౌన్ నిఘంటువు 1903 నాటి ముద్రణ చికాగో విశ్వవిద్యాలయం దక్షిణాసియా నిఘంటువుల సైటులో విడిగా కూడా ఉంది. ఒక చిన్న జాగ్రత్త. ఆ ముద్రణ బ్రౌన్ పోయాక కందుకూరి వీరేశలింగం వంటివారు సవరించింది, బ్రౌన్ 1850లలో అచ్చువేయించిన మొదటిది కాదు. "బ్రౌన్ కాలంలో ఈ మాట ఉందా" అన్న ప్రశ్నకు జవాబు కావాలంటే మొదటి ముద్రణ స్కానునే తెరవాలి.

మూడో జల్లెడ పాత సంకలనం. బ్రౌన్ 1829లో మద్రాసులో అచ్చువేయించిన వేమన పద్యాల పుస్తకంలో 693 పద్యాలున్నాయి. మీ పద్యం అందులో ఉంటే దాని అర్థం ఇది: 1820లలో ఈ ప్రాంతపు రాతప్రతుల్లో ఇది వేమన పేరు మీద ఉండేది. అంతవరకే. వేమన కాలం మీదే పండితులకు ఏకాభిప్రాయం లేదు, ఆయనకూ ఈ రాతప్రతులకూ మధ్య తరాలు గడిచాయి. లేకపోతే, "వేమనది కాదు" అని రాయకుండా "పాత సంకలనంలో కనబడలేదు" అని రాయండి. ఈ రెండు వాక్యాల తేడా తెలిసినవాడికి సగం పని అయిపోయింది.

నిఘంటు శోధనకు తొమ్మిది. అది తనకు తెలిసినంతే చెబుతుంది, ఎక్కువ చెప్పదు.

ఎర్రముక్కపల్లి బ్రౌన్ కేంద్రం

1820లో కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఇక్కడ బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి తాళపత్రాలు సరిచూయించాడు. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పటి సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం. జానమద్ది హనుమచ్ఛాస్త్రి ముందు నిలిచి కట్టించారు, ఇప్పుడు యోగి వేమన విశ్వవిద్యాలయం కింద ఉంది. ఇంటర్నెట్‌లో దొరకనిదాని కోసమే ఇక్కడికి వెళ్లాలి. మా ఊరి పేరు ఎలా వచ్చింది, మా కోట ఎవరు కట్టారు అన్న ఫార్వర్డులకు పనికొచ్చేవి మెకంజీ కైఫీయతులు, అంటే ఊరూరా రాయించిన స్థానిక చరిత్రలు. కడప జిల్లా కైఫీయతులను ఈ కేంద్రమే సంపుటాలుగా అచ్చువేసింది.

కైఫీయతును చదివే పద్ధతి వేరు. కల్నల్ కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరూ తిరిగి కరణాలు చెప్పింది, వాళ్ల దగ్గరున్న కవిలెల్లో, అంటే ఊరి పాత లెక్కల కట్టల్లో, ఉన్నది రాసుకున్నారు. కాబట్టి అందులో "జనమేజయుడు అగ్రహారం ఇచ్చాడు" అని ఉంటే, జనమేజయుడు ఇచ్చాడని కాదు, రెండువందల ఏళ్ల కింద ఆ ఊరి కరణం అలా చెప్పాడని. చెరువు కింద ఎంత మాన్యం, ఏ పాళెగాడికి ఎంత కట్టారు వంటివి చెప్పినప్పుడు మాత్రం అదే కరణం చాలా గట్టి సాక్షి, ఎందుకంటే అది ఆయన వృత్తి. ఒకే పేజీలో రెండు రకాల మాటలుంటాయి. పేజీ ఫొటో తీసి "చారిత్రక ఆధారం ఇదిగో" అని పెట్టేవాళ్లు ఈ తేడా చూడరు.

వెళ్లేముందు వేళలు ఫోనులో కనుక్కోండి. పుస్తకం పేరు, రచయిత, ముద్రణ సంవత్సరం కాగితం మీద రాసుకుని వెళ్తే సిబ్బందికీ మీకూ సుఖం. ఊరికి సంబంధించిందైతే ఊరి పాత పేరు, పాత తాలూకా కూడా రాసుకోండి. మండలాలు వచ్చింది 1985లో, పాత కాగితాల్లో అవి ఉండవు.

పేపర్ల గది

ఇక కర్నూలు పేపరు ముక్క. "ఆంధ్రప్రదేశ్ తొలి రాజధాని కర్నూలు" అనే శీర్షికతో, పాత కాగితం రంగు పులిమి, 1953 అక్టోబరు 1 తేదీ వేసి తిప్పుతారు. 1953 అక్టోబరు 1న ఏర్పడింది ఆంధ్ర రాష్ట్రం, దానికి రాజధాని కర్నూలు, ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం. ఆంధ్రప్రదేశ్ అన్న పేరుతో రాష్ట్రం వచ్చింది 1956 నవంబరు 1న, హైదరాబాదు రాజధానిగా. 1953 నాటి పేపరు రాబోయే రాష్ట్రం పేరును మూడేళ్ల ముందే ఎలా అచ్చువేస్తుంది? శీర్షిక ఒక్కటే చాలు. అది తోచకపోతే వారం చూడండి. 1953 అక్టోబరు 1 గురువారం. ముక్క మీద ఇంకేదైనా ఉంటే అక్కడే ఆగొచ్చు. ఫోన్ క్యాలెండరు వెనక్కి తిప్పితే అర నిమిషం పని.

కొత్త పేపరు ముక్కలకు మాత్రం జిల్లా గ్రంథాలయంలోని పేపర్ల గదిని మించింది లేదు. మన పేపర్ల జిల్లా పేజీలు కర్నూలులో ఒకటి, కడపలో ఒకటి, అనంతపురంలో ఇంకొకటి. కాబట్టి "ఆ పేపర్లో రాలేదు" అనాలంటే ఆ ఊరి సంచికే చూడాలి. ముక్కలో చూడాల్సినవి: శీర్షిక అక్షరాలు, వార్త అక్షరాలు ఒకే కుటుంబానివేనా, కాలమ్ వెడల్పు పక్క వార్తతో సరిపోయిందా, ఊరి పేరూ విలేకరి గుర్తూ ఆ పేపరు రాసే పద్ధతిలోనే ఉన్నాయా. అసలు సంచిక పక్కన పెట్టుకుని చూస్తే దొంగ ముక్క నిమిషంలో తెలిసిపోతుంది, ఎందుకంటే తయారుచేసినవాళ్లు ఫోన్లో ఉండే తెలుగు ఫాంటునే వాడతారు. పేపర్లకు సొంత ఫాంట్లుంటాయి.

రద్దీ పొద్దున పోటీ పరీక్షల పిల్లలది. పత్రికలు తీరిగ్గా తిరగేయాలంటే మధ్యాహ్నం పూట వెళ్లండి. పాత సంపుటాలు ఎన్నేళ్లవి ఉన్నాయన్నది గ్రంథాలయాన్ని బట్టి మారుతుంది. కౌంటరు దగ్గర పేపరు పేరు, సంచిక ఊరు, తేదీ మూడూ రాసివ్వండి. "ఆ వరదలొచ్చిన ఏడు, దసరాకు అటూ ఇటూ" అంటే బీరువాలోంచి ఏ కట్ట దించాలో వాళ్లకూ తెలియదు.